గురక మధ్యలో ఊపిరి ఆగుతోంది.. నిద్రమాత్ర ఇవ్వవచ్చా?

ప్రశ్న: మావారి వయసు 49 ఏళ్లు. కాస్త లావుగా ఉంటారు. చాలాకాలంగా గురక పెడుతున్నారు. ఏడాదిగా ఆ గురక మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపటికి ఉలిక్కిపడినట్టు పెద్దగా ఊపిరి తీసుకుంటున్నారు. రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేస్తారు. బీపీకి మూడు రకాల మాత్రలు వాడుతున్నా అదుపులోకి రావడం లేదు. పగలు కూర్చున్నచోటే కునుకు తీస్తున్నారు. ఈమధ్య కారు నడుపుతుండగా ఒకసారి కళ్లు మూతపడ్డాయట. డాక్టరుకు చూపిద్దామంటే, ‘పడుకోగానే నిద్రపడుతోంది, నాకేమైంది’ అంటారు. రాత్రి గాఢంగా నిద్రపోవడానికి నిద్రమాత్ర ఇవ్వవచ్చా? గురక తగ్గాలంటే జీవితాంతం మెషిన్ పెట్టుకోవాల్సిందేనా?

జవాబు: నిద్రమాత్ర మాత్రం దయచేసి ఇవ్వకండి. మీరు రాసిన లక్షణాలన్నీ కలిపి చూస్తే మీవారికి అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా, అంటే నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బు, ఉండే అవకాశం ఎక్కువగా కనిపిస్తోంది. పరీక్ష చేయనిదే నిర్ధారించలేము గానీ, ఆ పరీక్ష అవసరమని చెప్పడానికి గురక మధ్యలో మీరు గమనించిన నిశ్శబ్దం ఒక్కటి చాలు. చప్పుడు ఆగిందని ఇంట్లోవాళ్లు ఊరట చెందే ఆ కొద్ది క్షణాల్లోనే అసలు జబ్బు ఉంది.

మెలకువగా ఉన్నప్పుడు గొంతు చుట్టూ ఉన్న కండరాలు గాలి వెళ్లే దారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలుతాయి. దారి ఇరుకైనప్పుడు మెత్తటి అంగిలి, కొండనాలుక అదిరి గురక వస్తుంది. దారి పూర్తిగా మూసుకుపోతే ఛాతీ, పొట్ట ఊపిరి కోసం ప్రయత్నిస్తూనే ఉంటాయి, గాలి మాత్రం లోపలికి పోదు. ఇలా 10 సెకన్లు లేదా అంతకు మించి శ్వాస ఆగితే దాన్ని అప్నియా అంటాం. అప్పుడు రక్తంలో ఆక్సిజన్ తగ్గడంతో మెదడు అప్రమత్తమై నిద్రను క్షణకాలం చెదరగొడుతుంది, గొంతు కండరాలు మళ్లీ బిగుసుకుని దారి తెరుచుకుంటుంది. మీకు వినిపించే ఆ ఉలికిపాటు శ్వాస అదే. ఈ మెలకువలు చాలా స్వల్పమైనవి కాబట్టి తెల్లవారేసరికి ఆయనకు ఒక్కటీ గుర్తుండదు. అందుకే తాను బాగా నిద్రపోయానని ఆయన నమ్మకంగా చెబుతున్నారు. పడుకోగానే నిద్రపట్టడం కూడా ఇక్కడ మంచి నిద్రకు గుర్తు కాదు, తీరని నిద్ర బాకీకి గుర్తు.

కొన్ని రకాల నిద్రమాత్రలు గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి, ఊపిరి ఆగినప్పుడు మెదడు మేల్కొనే తీరును మందగింపజేస్తాయి. అంటే ఆయనను కాపాడుతున్న ఏర్పాటునే మనం బలహీనపరిచినట్టవుతుంది. రాత్రిపూట మద్యం తాగినా ఇదే జరుగుతుంది.

బీపీ గురించి మీరు రాయడం చాలా మంచిదైంది. ఊపిరి ఆగిన ప్రతిసారీ శరీరం ఆపదలో ఉన్నట్టు స్పందించి రక్తనాళాలను బిగిస్తుంది, గుండె వేగాన్ని పెంచుతుంది. నిద్రలో సహజంగా తగ్గాల్సిన బీపీ తగ్గదు, క్రమంగా పగలు కూడా ఎక్కువగానే ఉంటుంది. మూడు మందులకూ లొంగని బీపీ వెనుక ఈ సమస్య తరచుగా కనిపిస్తుంది. చికిత్స లేకుండా వదిలేసిన తీవ్రమైన అప్నియాకు గుండె లయ తప్పడంతోనూ, పక్షవాతంతోనూ సంబంధం ఉంది. రాత్రి మూత్రానికి లేవడాన్ని చాలామంది షుగరుకో ప్రోస్టేటుకో ఆపాదిస్తారు. అవి ఉన్నాయేమో చూడాల్సిందే. కానీ మూసుకుపోయిన గొంతుతో ఊపిరి లాగేటప్పుడు ఛాతీలో కలిగే ఒత్తిడి మార్పుల వల్ల గుండె నుంచి మూత్రాన్ని పెంచే హార్మోను విడుదలవుతుంది, కాబట్టి ఇదీ ఒక కారణం కావచ్చు.

నిర్ధారణకు స్లీప్ స్టడీ చేస్తారు. ఆస్పత్రిలో రాత్రంతా ఉంచి మెదడు తరంగాలు, శ్వాస, ఆక్సిజన్, గుండె కొట్టుకునే తీరు నమోదు చేస్తారు. కొందరికి చిన్న పరికరంతో ఇంట్లోనే చేయవచ్చు. సూది గుచ్చే పని లేదు. గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగిందో, లేదా బాగా తగ్గిందో లెక్కిస్తారు: 5 లోపు ఉంటే సాధారణం, 5 నుంచి 15 లోపు స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 లేదా అంతకు మించితే తీవ్రం.

ఇక మెషిన్ సంగతి. మధ్యస్థ, తీవ్ర స్థాయుల్లో సీప్యాప్ అనే మెషిన్‌నే ముందుగా సూచిస్తాం. మాస్కు ద్వారా వచ్చే గాలి ఒత్తిడి గొంతును మూసుకుపోకుండా నిలబెడుతుంది. అది ఆక్సిజన్ సిలిండర్ కాదు, అలవాటైపోయే మందు అంతకన్నా కాదు. మొదటి వారాల్లో చిరాకుగా ఉండటం నిజమే. కానీ దాన్ని పక్కన పడేసినవారిలో చాలామందికి అడ్డొచ్చింది ముఖానికి సరిపడని మాస్కు, నోరు ఎండిపోవడం వంటి సరిచేయగల ఇబ్బందులే. మాస్కు మార్చి, గాలికి తేమ చేర్చే హ్యూమిడిఫయర్ అమరిస్తే తేడా తెలుస్తుంది. వాడినంతకాలమే అది పనిచేస్తుంది. అయితే జీవితాంతం తప్పదని ఇప్పుడే అనుకోనక్కర్లేదు. బరువు బాగా తగ్గినవారిలో జబ్బు తీవ్రత తగ్గి, మళ్లీ పరీక్ష చేశాక మెషిన్ మానేసినవారూ ఉన్నారు. స్వల్ప, మధ్యస్థ స్థాయుల్లో కింది దవడను ముందుకు జరిపి ఉంచే పరికరాన్ని దంతవైద్యులు అమర్చగలరు. వెల్లకిలా పడుకున్నప్పుడే సమస్య వస్తుంటే పక్కకు తిరిగి పడుకోవడం ఉపయోగపడుతుంది. టాన్సిల్స్ బాగా పెద్దవిగా ఉండటం వంటి కారణం కనిపిస్తే శస్త్రచికిత్స ఆలోచిస్తాం. ప్రకటనల్లో కనిపించే ముక్కు పట్టీలు, స్ప్రేలు గురక చప్పుడును కొంత తగ్గించవచ్చేమో గానీ అప్నియాకు చికిత్స కావు.

ఆయనతో వాదించే బదులు, రాత్రి ఆయన నిద్రపోతున్నప్పుడు ఊపిరి ఆగి మళ్లీ మొదలయ్యే దృశ్యాన్ని ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. తాను ఎప్పుడూ చూడలేని విషయాన్ని చూశాక చాలామంది మనసు మార్చుకుంటారు. ఆ వీడియోతో, ఆయన వాడుతున్న మందుల చీటీతో, నిద్ర సమస్యలు చూసే పల్మనాలజిస్టును (ఊపిరితిత్తుల వైద్యుణ్ని) గానీ ఈఎన్‌టీ వైద్యుణ్ని గానీ ఈ వారంలోనే కలవండి. బీపీ మాత్రలు ఎప్పటిలాగే వాడాలి. ఈలోగా ఏదైనా ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇచ్చే వైద్యుడికి ఈ విషయం ముందే చెప్పండి. స్టీరింగ్ ముందు ఒకసారి కళ్లు మూతపడ్డాయి కాబట్టి, చికిత్స మొదలై పగటి నిద్రమత్తు పోయిందని వైద్యులు చెప్పేవరకు ఆయనను బండి నడపనివ్వకండి.