కార్డ్‌లెస్ ఇంపాక్ట్ డ్రైవర్‌లో డ్రిల్ బిట్ ఊడొస్తోందా? ముందు బిట్ తోక చూడండి

మీరు అడిగింది ఇదే కదండీ, కొత్తగా కొన్న ఇంపాక్ట్ డ్రైవర్‌లో, అంటే స్క్రూలు బిగించే మెషీన్‌లో, ఇంట్లో ఉన్న పాత డ్రిల్ బిట్లు నిలబడట్లేదు, కొత్తగా తెచ్చిన చిన్న బిట్ పెట్టి కిటికీ పైన కర్టెన్ రాడ్‌కి హోల్ వేస్తుంటే బిట్ గోడలోనే ఉండిపోయి మెషీన్ ఒక్కటే చేతిలోకి వస్తోంది, డబ్బాలో చక్ కీ (డ్రిల్ మూతిలో బిట్‌ని బిగించే తాళం) కూడా లేదు, షాపువాడు ఏమన్నా తీసేసుకున్నాడా అని. తీసుకోలేదు లెండి. ఇంపాక్ట్ డ్రైవర్‌కి చక్ కీ రాదు, ఎందుకంటే బిట్‌ని పట్టుకుని బిగించే దవడలు, అంటే చక్, అసలు దాంట్లో ఉండవు. నేను విజయవాడలో వుడ్‌వర్కు, రేకుల షెడ్డు పనులు చేయిస్తుంటాను, మా కుర్రాళ్ళ చేతుల్లో పొద్దస్తమానం ఇదే మెషీన్, కొత్తగా పనిలోకి వచ్చిన ప్రతోడూ మొదటిరోజు అడిగే ప్రశ్న కూడా ఇదే.

బ్యాటరీ తీసేసి మెషీన్ మూతిలోకి ఫోన్ టార్చి వేసి చూడండి. ఆరు పలకల రంధ్రం కనపడుద్ది, పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. ఆ రంధ్రం పక్కగోడలో చిన్న స్టీలు గోళీ ఒకటి కొంచెం బయటికి తొంగిచూస్తుంటది, కొన్నిట్లో రెండుంటాయి. మూతి చుట్టూ బయటున్న రింగు, అంటే కాలర్‌ని ముందుకి లాగితే ఆ గోళీకి వెనక్కి జరిగే చోటు దొరుకుద్ది, వదిలేస్తే స్ప్రింగు కాలర్‌ని వెనక్కి తెచ్చి గోళీని లోపలికి నొక్కి పెడుద్ది. ఇప్పుడు ఇంపాక్ట్‌కి సరిపోయే బిట్ ఒకటి తీసుకుని తోక, అంటే మెషీన్‌లోకి దూరే వైపు చూడండి, చివర నుంచి సుమారు ఒక సెంటీమీటరు పైన చుట్టూ నడుములాగా సన్నగా గాడి ఉంటది. గోళీ వచ్చి ఆ గాడిలో కూర్చోవాలి. కూర్చుందంటే మీరు ఎంత లాగినా కాలర్ ముట్టుకోకుండా బిట్ బయటికి రాదు, గాడి లేదంటే దాన్ని పట్టుకునేది ఏదీ లేదు, అంతే విషయం.

పెట్టేటప్పుడు కాలర్ ముందుకి లాగి, బిట్ అడుగు తగిలేదాకా తోసి, కాలర్ వదిలి, ఒకసారి బిట్‌ని లాగి చూసుకోవాలి. కొన్ని మోడళ్ళలో కాలర్ లాగక్కర్లేదు, ఊరికే తోస్తే టిక్ మని పడుద్ది. మార్చే ప్రతిసారీ బ్యాటరీ తియ్యటం బద్ధకం అనుకుంటే కనీసం ఫార్వర్డ్ రివర్స్ బటన్‌ని మధ్యలో పెట్టండి, చాలా మెషీన్లలో అక్కడ ట్రిగ్గర్ లాక్ అయిపోద్ది.

ఇక మీ బిట్ల సంగతి. ఇంట్లో ఉన్న పాతవి గుండ్రటి తోకవి అయ్యుంటాయి, అవి చక్ ఉన్న డ్రిల్‌కి మాత్రమే. తోకకి నిలువు గాడులుండి లావుగా ఉన్నవైతే ఎస్‌డీఎస్ ప్లస్, గోడలు పొడిచే రోటరీ హామర్ మెషీన్లకి వేసేవి, వాటి తోకే 10 మిల్లీమీటర్లు, ఈ రంధ్రంలో అసలు దూరవు. గోడలో ఉండిపోయిందే, అది మాత్రం నాకు తెలిసి ఆరు పలకల తోకే కానీ గాడి లేనిది. స్క్రూ బిట్లలో కూడా ఇదే గొడవ, 25 మిల్లీమీటర్ల పొట్టివి సెట్లలో డజన్లకొద్దీ ఇస్తారే, వాటికి చుట్టూ గాడి ఉండదు, పలకల అంచుల మీద చిన్న గంట్లు మాత్రం ఉంటాయి, అవి మాగ్నెటిక్ హోల్డర్‌లో పెట్టుకోవటానికి. నేరుగా మెషీన్‌లో వేస్తే ఊడన్నా పడుద్ది, లేదంటే లోపల ఇరుక్కుని ప్లయర్‌కి కూడా అందదు. 50 మిల్లీమీటర్లవో 65వో గాడి ఉన్నవి కొనుక్కుంటే ఈ బాధే లేదు.

షాపులో ఇంకోటి అంటగడతారు, ఆరు పలకల తోకకి బిగించిన చిన్న కీలెస్ చక్, తాళం లేకుండా చేత్తోనే బిగించేది. మా దగ్గర కూడా ఉంది, ప్లైవుడ్‌కో తలుపు చెక్కకో సన్న హోల్ వెయ్యటానికి పర్లేదు. లోడ్ పెరిగితే మాత్రం మెషీన్ లోపలి సుత్తి టకటకా కొట్టటం మొదలెట్టుద్ది, ఆ దెబ్బలకి చక్ దానంతటదే వదులవుద్ది, పైగా పొడుగు పెరిగి ముక్కు ఊగుద్ది. దానికి డబ్బులు పెట్టేకంటే నేరుగా హెక్స్ తోక, అంటే ఆరు పలకల తోక డ్రిల్ బిట్లే కొనండి, మా విజయవాడ వన్ టౌన్ హార్డ్‌వేర్ షాపుల్లో చెక్కకీ ఐరన్‌కీ గోడకీ విడివిడిగా అడిగి తీసుకోండి, కొనేముందు తోకకి గాడి ఉందో లేదో వేలితో తడిమి చూసుకోండి. ఐరన్‌కి వేసే 2, 3 మిల్లీమీటర్ల సన్నవి మాత్రం ట్రిగ్గర్ గట్టిగా నొక్కితే పుటుక్కున విరుగుతాయి, సుత్తి కొట్టే దాకా పోకుండా నెమ్మదిగా తిప్పాలి.

గాడి ఉన్న బిట్టే వేసినా ఊడొస్తుంటే అప్పుడు మెషీన్‌ని అనుమానించండి. ఎక్కువసార్లు సిమెంటు దుమ్మే. తలకి పైన హోల్ వేస్తే ఆ పొడంతా నేరుగా మూతిలోకే దిగుద్ది, కాలర్ పూర్తిగా వెనక్కి రాదు, గోళీ సగం గాడిలో సగం బయట ఉంటది. మూతి కిందకి పెట్టి తట్టి, గాలి కొట్టి, కాలర్ సందులో ఒక్క చుక్క మిషన్ ఆయిల్ వేసి పదిసార్లు ముందుకీ వెనక్కీ ఆడించండి. గ్రీజు పూస్తానంటారు కొంతమంది, నాకు నచ్చదు, దుమ్ముని ఇంకా పట్టుకుంటది. సెకండ్ హ్యాండ్‌లో జపాన్ మెషీన్ కొన్నవాళ్ళకి ఇంకో తంటా ఉంది, కొన్నిట్లో రంధ్రం లోతు ఎక్కువ, మామూలు బిట్ వేస్తే గాడి గోళీకి అందదు, లోపల బిట్ పీస్ అని చిన్న ముక్క వేసి వాడాలి.

బిట్ కొంచెం ఊగుతోందన్నారు, అది మామూలే. చక్‌లాగా బిగించి పట్టుకునేది కాదు కాబట్టి ఆ పాటి ఆట ప్రతి ఇంపాక్ట్‌లోనూ ఉంటది, ఐరన్ మీదైతే ముందు పంచ్‌తో చుక్క కొట్టుకుంటే బిట్ జారదు.

అసలు మీ కర్టెన్ రాడ్ దగ్గర నాకు వేరే అనుమానం ఉంది. కిటికీ పైన మీరు హోల్ వేసేది లింటెల్ మీద, అంటే కిటికీ పైన అడ్డంగా పోసే దిమ్మె మీద, అది ఆర్‌సీసీ, చువ్వలేసిన కాంక్రీటు. ఇంపాక్ట్ అనే పేరు చూసి గోడ పొడుస్తుందనుకుంటాం గానీ దీని దెబ్బ తిరిగే వైపుకే, స్క్రూ తిప్పటానికి పనికొచ్చే దెబ్బ అది, గోడకి కావాల్సింది ముందుకి పొడిచే దెబ్బ. ఇటుక గోడలో అయితే మంచి మేసనరీ బిట్‌తో (గోడకి వేసేది) 6 మిల్లీమీటర్ల హోల్ మెల్లగా పడుద్ది, లింటెల్‌లో అరగంట నొక్కినా బిట్ మొన కాలి నల్లబడటం తప్ప లోపలికి దిగదు. అలా ముందుకి పొడిచే హామర్ డ్రిల్ ఒకపూటకి ఎవరి దగ్గరన్నా అడిగి తెచ్చుకుని హోల్స్ వేసేసుకోండి, ప్లగ్గులు కొట్టాక స్క్రూలు ఈ ఇంపాక్ట్‌తోనే బిగించండి. ప్లగ్గులో స్క్రూ కూర్చోగానే ట్రిగ్గర్ వదిలెయ్యాలి, లేకపోతే ప్లగ్గు కూడా దాంతోపాటే తిరుగుద్ది.