పాఠకుల ప్రశ్నలు: ఆటోకి హైడ్రోజన్ కడితే గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: నా ఎలక్ట్రిక్ ఆటో 48 వోల్టులది. బ్యాటరీ తీసేసి ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్‌ని గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి కరెంటు చేసే పరికరం) పెట్టించి, హైడ్రోజన్ ఇంట్లోనే నీళ్లలోంచి తీసుకుంటే కరెంటు బిల్లు తగ్గుతుందా?

జవాబు: తగ్గదు సరికదా, రెండు రెట్లు దాటుతుంది. కిలో హైడ్రోజన్ తీయడానికి 50-55 యూనిట్లు కావాలి. ఆ కిలోలో ఉన్నది 33 యూనిట్ల శక్తి. ఫ్యూయల్ సెల్ అందులో సగానికి కాస్త అటూఇటూగా కరెంటు చేస్తుంది, మిగతాది వేడిగా పోతుంది. మీ చేతికొచ్చేది 16-18 యూనిట్లు. అవే 50 యూనిట్లు బ్యాటరీకి ఎక్కిస్తే మోటారుకి 40 దాకా అందుతాయి. గ్యాసును సిలిండర్లోకి కుదించే ఖర్చు ఇంకా లెక్కలోకి రాలేదు.

బ్యాటరీ పూర్తిగా తీసేయడమూ కుదరదు. ఒక్కో సెల్ లోడు లేనప్పుడు 1 వోల్టుకి దగ్గర్లో ఉంటుంది, లోడు పడితే 0.65కి దిగుతుంది. 48 వోల్టుల కోసం 75 సెల్స్ పేరిస్తే, ఆటో ఆగి ఉన్నప్పుడు ఆ స్టాక్ (సెల్స్ దొంతర) 70 వోల్టులు దాటుతుంది. నేరుగా కలిపితే మోటారుని నడిపే కంట్రోలర్ మాడిపోవచ్చు, మధ్యలో వోల్టేజిని సరిచేసే డీసీ-డీసీ కన్వర్టర్ ఉండాల్సిందే. యాక్సిలరేటర్ తిప్పగానే మోటారు గబుక్కున కరెంటు లాగుతుంది. గ్యాసు, గాలి అంత వేగంగా అందవు. హైడ్రోజన్ చాలని సెల్‌లో కార్బన్ భాగాలు తినేసుకుపోయి, ఆ సెల్ మళ్లీ కోలుకోదు. ఆ కుదుపు మోయడానికే బ్యాటరీ. 330 సెల్స్, 128 కిలోవాట్ల స్టాక్ ఉన్న రెండో తరం టొయోటా మిరాయ్ హైడ్రోజన్ కారులో కూడా 1.24 యూనిట్ల లిథియం బ్యాటరీ ఉంది.

ఇంటి గ్యాసుతో ఇంకో చిక్కు. కరెంటు బాగా పారాలని నీళ్లలో ఉప్పు వేస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది. కాస్టిక్ పొటాష్ వేస్తే దాని తుంపర గ్యాసుతోపాటు వెళ్లి సెల్ మధ్యలో ఉండే పల్చటి పొరను పాడుచేస్తుంది. రెండు గొట్టాల్లో వచ్చే హైడ్రోజన్, ఆక్సిజన్ ఒకే డబ్బాలో పట్టారా, అది బాంబే.

ప్రశ్న: కాలేజీ ప్రాజెక్టు సైకిల్‌కి గాలితో చల్లబడే 24 సెల్స్ స్టాక్ పెట్టాం. ఇరవై నిమిషాలకి వోల్టేజి పడిపోతోంది. ఎందుకు?

జవాబు: మొత్తం వోల్టేజి కాదు, మీటరుతో ఒక్కో సెల్ చూడండి. ఒకటి రెండే పడిపోయి, పర్జ్ వాల్వు (లోపలి గ్యాసు, నీళ్లు బయటికి ఊదేసే వాల్వు) అర సెకను తెరవగానే లేస్తే అక్కడ నీళ్లు చేరి గ్యాసు దారి మూసుకుపోయినట్టు. పర్జ్ తరచుగా చేయండి. అన్నీ కలిసి మెల్లగా దిగుతుంటే పొర ఎండుతోంది: ఫ్యాన్ అతిగా తిరుగుతోంది, లేదా స్టాక్ 65 డిగ్రీలు దాటింది. ఇక్కడ పర్జ్ పెంచితే పొర ఇంకా ఎండుతుంది, ముందు లోడు తగ్గించండి. పర్జ్ గొట్టంలోంచి వచ్చేది హైడ్రోజనే. దాన్ని కిటికీ బయటికి తీయండి, తలుపులు మూసిన ల్యాబులో వదలకండి.