చందా పుస్తకం ఎవరి దగ్గరుంది?

తమ్ముడూ,

నీ వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. "నాయకుడు పిలుపునిచ్చాడు, జనం ఉప్పెనలా కదిలారు" అన్నావు. కోనసీమ వాడివి, ఉప్పెనంటే ఏంటో నీకు ఒకరు చెప్పాలా! స్వాతంత్ర్య ఉద్యమం అలా ఊడిపడలేదయ్యా.

1907 తీసుకో. బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో మాట్లాడింది ఇంగ్లీషులో. వచ్చినవాళ్ళలో అది ఎంతమందికి ఎక్కుతుంది? దాన్ని తెలుగు చేసింది కవి చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. దేశం పాడియావు, మనం లేగదూడలం, తెల్లవాళ్ళేమో దూడల మూతులు బిగించి పాలు పిండుకునే గడుసు గొల్లలు అంటూ ఒక పద్యం కూడా చెప్పారు. ఇంటింటా పాడి ఉన్న సీమలో ఇంక వేరే వివరణ దేనికి? పాల్ గారి వాదన మరిచిపోయినవాళ్ళకి కూడా ఆ ఆవు గుర్తుండిపోయింది.

తర్వాత దుర్గాబాయి, అదే, దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు, దేవదాసీలు ఆయన్ని కలవాల్సిందేనని పట్టుబట్టి, అందుకు అడిగిన ఐదు వేల నిధీ పోగయ్యేలా చూసి, చివరికి ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది కూడా తనే. పన్నెండేళ్ళు కూడా నిండని పిల్ల! 1923లో అదే ఊళ్ళో కాంగ్రెస్ మహాసభలు. ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. నిర్వాహకులు టికెట్ కొనిచ్చాకే లోపలికి వదిలింది. నువ్వేమో అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీకి ఒక పేజీ ఇచ్చి ఆ గేటుని వదిలేశావు. అంత పెద్దమనిషిని ఆపే ధైర్యం ఆ పిల్లకి ఎక్కణ్ణుంచి వచ్చిందో రాయి, నాయకత్వం గురించి రాసినట్టే.

అలాగని నాయకుణ్ణి తీసి పక్కన పెట్టమనడం లేదు. చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషన్ తగలబెట్టిన తర్వాత, 1922 ఫిబ్రవరిలో, గాంధీజీ ఆపమంటే సహాయ నిరాకరణ ఆగింది, చాలామంది పళ్ళు నూరుకుంటూనే ఆగారు. ఆయన మాటకి ఆ బరువు ఎలా వచ్చిందన్నది నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

నేనూ మొదట్లో నీలాగే రాశాను. ఒకాయన ఎన్నేళ్ళు జైల్లో ఉన్నాడో లెక్కలు కట్టి ఊరి లైబ్రరీలో గొప్పగా చదివి వినిపిస్తే, వెనక బల్ల మీద కూర్చున్న పెద్దాయన, "అది సరే అబ్బాయ్, ఆయన లోపలికెళ్ళాక చందా పుస్తకం ఎవరి దగ్గరుంది?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. నాలుగు నెలలు కాలవగట్టు ఊళ్ళన్నీ సైకిలు మీద తిరిగాను.

నీకు బండుంది కదా, వర్షాలు పడేలోపు బయల్దేరు. మళ్ళీ రాసి పంపు.

అన్నయ్య
రాజమండ్రి