క్రిలెంకో మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. బాగా కష్టపడ్డావు, తెలుస్తూనే ఉంది. కానీ మొదటి వాక్యంలోనే 1938 జులై 29న ఒకప్పటి సోవియట్ ప్రాసిక్యూటర్ నికొలాయ్ క్రిలెంకోని కాల్చి చంపించేశావు. అక్కణ్ణుంచి చివరిదాకా ‘ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారు’ అన్న సామెతకి సాక్ష్యాలు పోగేస్తూ పోయావు. తీర్పు ముందే చెప్పేశాక పాఠకుడు ఇంక విచారణకి ఎందుకు కూర్చుంటాడు? 1917 గురించి రాసేటప్పుడు 1938 నీకూ తెలియనట్టే రాయాలి.

ముందు 1917లో రష్యా సైనిక ప్రధాన కేంద్రం ఉన్న మొగిలెవ్ దగ్గర ఆగు. నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. అప్పటికి క్రిలెంకోకి 32 ఏళ్లు. పీటర్స్‌బర్గ్‌లో చరిత్ర, తర్వాత లా చదివాడు. సైన్యంలో అతనిది అధికారుల వరుసలో అట్టడుగు హోదా. సేనాధిపతి దుఖోనిన్ జర్మనీతో కాల్పుల విరమణ చర్చలకు ఒప్పుకోకపోయేసరికి లెనిన్ ప్రభుత్వం ఆయన్ని తీసేసి, ఈ కుర్రాణ్ణి మొత్తం సైన్యానికే అధిపతిని చేసింది. డిసెంబర్ 3న మొగిలెవ్ స్టేషన్లో క్రిలెంకో రైలుపెట్టె చుట్టూ గుంపు చేరి దుఖోనిన్‌ని అప్పగించమంది. క్రిలెంకో అడ్డుపడ్డాడు. వాళ్లు వినలేదు. ఆయన్ని బయటికి లాగి చంపేశారు. సైన్యమంతటికీ పెద్దవాడు ఒక్క గుంపుని ఆపలేకపోయాడు!

దాని కిందే నువ్వు ‘అందుకే న్యాయవ్యవస్థ వైపు మళ్లాడు’ అని రాశావు. నీకెవరు చెప్పారు? ఆ ‘అందుకే’ కొట్టెయ్. దాని బదులు, రెండు రోజుల తర్వాత డిసెంబర్ 5న ఆమోదించిన కోర్టుల డిక్రీని పక్కన పెట్టు. పాత కోర్టులు రద్దయ్యాయి. పాత చట్టాల్లో విప్లవం రద్దు చెయ్యనివి, విప్లవ అంతరాత్మకి విరుద్ధం కానివి మాత్రమే చెల్లుతాయన్నారు. 1918లో క్రిలెంకో వచ్చి చేరింది ఆ డిక్రీతో పుట్టిన విప్లవ ట్రిబ్యునళ్లలోకే. ఈ రెండింటికీ సంబంధం ఏమిటో పాఠకుణ్ణే తేల్చుకోనీ.

చట్టం గురించిన భాగం బోరు కొడుతుందని భయపడి తగ్గించినట్టున్నావు. నాకైతే అసలు కథ అక్కడే ఉంది. 1924లో పశుకానిస్ అనే సిద్ధాంతకర్త ఒక వాదన తెచ్చాడు. ఇంత నేరానికి ఇన్నేళ్ల జైలు అనడం సరుకుకి ధర కట్టడం లాంటిదే, బజారు పోతే ఈ లెక్కా పోతుంది అన్నాడు. క్రిలెంకో ఆ దారి పట్టి, 1930 ప్రాంతంలో నేరానికింత అని కొలిచే శిక్షలు లేని శిక్షాస్మృతి ముసాయిదాని ముందుకు తెచ్చాడు. మనిషి ఎంత ప్రమాదకరమో చూసి కోర్టే తేల్చాలట. అది చట్టం కాలేదు. అయినా దీనికి ఒక పేజీ ఇవ్వు. చదివేవాడు కాసేపైనా ‘నిజమే కదా’ అనుకోవాలి. అనుకున్నాక, ఆ కోర్టు ముందు తనే నిలబడితే ఏమవుతుందో ఆలోచించుకుంటాడు. నువ్వు మాత్రం మొదటి నుంచీ అతన్ని రాక్షసుణ్ణి చేసి ఆ అవకాశం లేకుండా చేశావు.

1928 చూడు. మాస్కోలో షాఖ్తి కేసు విచారణ, బొగ్గుగనుల్లో విద్రోహం చేశారన్న ఆరోపణ మీద. బోనులో 53 మంది ఇంజనీర్లు, టెక్నీషియన్లు, వాళ్లలో ముగ్గురు జర్మన్లు. ప్రాసిక్యూటర్ క్రిలెంకో, న్యాయపీఠం మీద విషిన్‌స్కీ. 11 మందికి మరణశిక్ష పడింది, ఐదుగురిని కాల్చేశారు. అదే ఏడాది సోవియట్‌లూ జర్మన్లూ కలిసి పామీర్ పర్వతాలకి యాత్ర చేశారు. అందులో క్రిలెంకో కూడా ఉన్నాడు! ఈ రెండూ నీ దగ్గర వేరే వేరే అధ్యాయాల్లో పడున్నాయి. ఒకే పేరాలోకి తెచ్చెయ్, వ్యాఖ్యానం అక్కర్లేదు.

చదరంగాన్ని ‘సరదా’ అని వదిలేశావు. అది సరదా ఎలా అవుతుంది? ఆటని ప్రభుత్వ కార్యక్రమం చేసినవాడు అతనే. 1925 మాస్కో టోర్నమెంట్‌కి లాస్కర్, కాపాబ్లాంకా లాంటి ప్రపంచ చాంపియన్లని రప్పించి ఆడించారు. బొగొల్యుబొవ్ గెలిచాడు. చివరికి 1938 జనవరిలో, సుప్రీం సోవియట్ (సోవియట్ పార్లమెంటు) సమావేశంలో అజర్‌బైజాన్ నాయకుడు బగీరొవ్ లేచి, ఈ న్యాయ కమిసార్‌కి, అంటే అప్పటికి న్యాయ మంత్రిగా ఉన్న క్రిలెంకోకి, కొండలెక్కడానికీ చదరంగానికీ తప్ప పనికి తీరిక లేదని ఎత్తిపొడిచాడు. ఆ నెలాఖరుకి అరెస్ట్.

అతని విచారణ దగ్గర నీ విశేషణాలన్నీ తీసెయ్. ఉగ్రవాద కేసుల కోసం తెచ్చిన 1934 డిసెంబర్ 1 చట్టాన్ని పొడిగా రాస్తే చాలు: దర్యాప్తు పది రోజుల్లో ముగియాలి, అభియోగపత్రం ఒక్కరోజు ముందు ఇవ్వాలి, లాయర్లు ఉండరు, అప్పీలు లేదు, శిక్ష వెంటనే అమలు. క్రిలెంకో విచారణ 20 నిమిషాల్లో ముగిసిందని ఆ వెంటనే రాయి. 1955లో నిర్దోషిగా ప్రకటించడానికి ఒక వాక్యం చాలు.

విషిన్‌స్కీ మీద రాసిన పేజీలు పక్కన పెట్టు, అది వేరే వ్యాసం అవుతుంది. రెండో ప్రతి ప్రింట్ తీసి, పక్కన బాగా మార్జిన్ వదిలి పోస్టులో పంపు. ఫోన్లో పీడీఎఫ్ చదవడం నా వల్ల కావట్లేదు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య