బ్రాకెట్‌కు మెష్: జీమెషా, ప్రీపోమాక్సా?

ప్రశ్న: ట్రాక్టర్ ట్రాలీ హుక్ బ్రాకెట్‌ లోడుకు ఎంత వంగుతుందో కాల్క్యులిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో లెక్కగట్టాలి. మెష్‌కు, అంటే లెక్క కోసం భాగాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టడానికి, జీమెష్, ప్రీపోమాక్స్ ప్రోగ్రాముల్లో ఏది మేలు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఒక్క బ్రాకెట్టే అయితే విండోస్‌లో ప్రీపోమాక్స్ చాలు. స్టెప్ ఫైలు (భాగం 3డీ డిజైన్ ఉన్న ఫైలు) తెరిస్తే మెష్, లోడు, ఫలితాల రంగుల బొమ్మ అన్నీ అక్కడే. కొలతలు మార్చి మార్చి నడపాలంటే జీమెష్ స్క్రిప్టే సుఖం. కానీ అది కాల్క్యులిక్స్ కోసం రాసే ఐఎన్‌పీ ఫైల్లో ఒక చిక్కుంది. లోడు కోసం ఉపరితలానికి ఫిజికల్ గ్రూప్ (పేరు పెట్టిన సమూహం) ఇస్తే, ఆ తలం మీది సీపీఎస్6 ఎలిమెంట్లూ (ఆరు బిందువుల త్రిభుజపు ముక్కలు) రాసేస్తుంది. సాల్వర్‌కు (లెక్క చేసే కాల్క్యులిక్స్‌కు) ఇచ్చేముందు వాటిని తీసేయండి, ఘనంలోని సీ3డీ10 (పది బిందువుల చతుర్ముఖి ముక్కలు) మాత్రం ఉంచండి. నాలుగు బిందువులే ఉండే సీ3డీ4 జోలికి పోవద్దు, వంపులో అది మరీ గట్టిగా ప్రవర్తించి వంగుడును తక్కువ చూపిస్తుంది. మిల్లీమీటరు, న్యూటన్ వాడితే స్టీలు యంగ్ మాడ్యులస్ (సాగకుండా నిలిచే బిగువు కొలత) 2,10,000. ఫలితాలు బొమ్మగా చూడటానికి పారావ్యూ ప్రోగ్రాము మంచిదే గానీ కాల్క్యులిక్స్ ఫలితాలుండే ఎఫ్‌ఆర్‌డీ ఫైలును నేరుగా తెరవదు, ముందు పారావ్యూ చదివే వీటీయూ ఫైలుగా మార్చుకోవాలి.