మెనూ కనిపించడం లేదని రాశావు కదా

అమ్మడూ,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్, కోడ్ రెండూ చూశాను. హాస్టల్ మెస్ లెక్కలకి ఆండ్రాయిడ్ యాప్ చెయ్యాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. ఎవరు ఎన్ని పూటలు తిన్నారో చూసి వాటా తేల్చే భాగం చక్కగా రాశావు. ఇక యాప్‌లో ఆప్షన్లు చూపించే మెనూ సంగతి. పైన కుడిపక్క మూడు చుక్కలు రావాలి, రావడం లేదు. ఎర్రర్ కూడా ఏదీ లేదు. ఎర్రర్ వస్తే కనీసం ఏ లైను దగ్గర ఆగిందో తెలుస్తుంది. ఇలా ఏమీ చెప్పకుండా ఊరుకుంటేనే కొత్తవాళ్లకి టెన్షన్ ఎక్కువ. అంతమాత్రాన నీకు కోడింగ్ రాదని మాత్రం అనుకోకు.

ముందు ఒక పని చెయ్. నెట్‌లో దొరికిన జవాబులు తెచ్చి అతికించడం ఆపు. నీ కోడ్‌లో వేర్వేరు కాలాల జవాబులు కలిసిపోయాయి. వాటిలో ఏదీ తప్పు కాదు, రాసినప్పటికి అన్నీ సరైనవే. నీ ప్రాజెక్టు ఏ కాలం పద్ధతిలో తయారైందో తెలిస్తే, వాటిలో నీకు పనికొచ్చేది ఏదో తెలుస్తుంది.

2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చినప్పుడు దానికి మెనూ బటన్ విడిగా ఉండేది. అది నొక్కితే ఆప్షన్లు కిందనుంచి వచ్చేవి. 2011లో ఆండ్రాయిడ్ 3.0తో యాక్షన్ బార్, అంటే స్క్రీన్ పైన యాప్ పేరు, బటన్లు ఉండే పట్టీ వచ్చింది, మెనూ అక్కడికి చేరింది. 2014లో 5.0తో టూల్‌బార్ వచ్చింది. అంటే బార్‌ని మన లేఅవుట్‌లో (స్క్రీన్ మీద ఏది ఎక్కడుండాలో రాసే ఫైలులో) మనమే పెట్టుకోవచ్చు. 2021లో జెట్‌ప్యాక్ కంపోజ్ మొదటి వెర్షన్ వచ్చాక విడిగా ఎక్స్ఎంఎల్ లేఅవుట్ ఫైళ్లు లేకుండా, కోడ్‌తోనే స్క్రీన్ గీసే పద్ధతి మొదలైంది. 2023 నుంచి ఆండ్రాయిడ్ స్టూడియోలో కొత్త ప్రాజెక్టు తెరిస్తే మామూలుగా వచ్చేది ఆ కంపోజే. మైత్రివనం పక్క సందుల్లో జిరాక్స్ షాపుల్లో నువ్వు కొన్న మెటీరియల్ మాత్రం యాక్షన్ బార్ దానంతటదే వచ్చే రోజుల్లో రాసింది. అందుకే అందులో ఆన్ క్రియేట్ ఆప్షన్స్ మెనూ అనే ఫంక్షన్ ఒక్కటి రాస్తే మెనూ వచ్చేస్తుందని ఉంది. అప్పట్లో నిజంగానే వచ్చేసేది.

ఇప్పుడు నీ మెయిన్ యాక్టివిటీ (యాప్ మొదటి స్క్రీన్ కోడ్ ఉండే ఫైలు) తెరిచి క్లాస్ మొదటి లైను చూడు. అక్కడ కంపోనెంట్ యాక్టివిటీ అని ఉండి, లోపల సెట్ కంటెంట్ అని ఉంటే అది కంపోజ్ ప్రాజెక్టు. దానికి మెనూ ఎక్స్ఎంఎల్, ఆన్ క్రియేట్ ఆప్షన్స్ మెనూ అక్కర్లేదు. స్క్రీన్‌కి చట్రంలాంటి స్కాఫోల్డ్‌లో టాప్ యాప్ బార్ పెట్టి, దాని యాక్షన్స్‌లో ఐకాన్ బటన్, డ్రాప్‌డౌన్ మెనూ రాసుకోవాలి. యాప్ కాంపాట్ యాక్టివిటీ అని ఉంటే పాత పద్ధతే. నువ్వు పంపిన కోడ్‌లో ఉన్నది ఈ రెండోదే. ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు ఎంప్టీ వ్యూస్ యాక్టివిటీ ఎంచుకుని ఉంటావు.

నాకు ఎక్కువ అనుమానం థీమ్ మీద, అంటే రంగులూ, పైన బార్ ఉండాలా వద్దా అన్నదీ చెప్పే సెట్టింగ్ మీద. థీమ్స్ ఫైల్‌లో పేరెంట్ అన్నచోట చివర 'నో యాక్షన్ బార్' అని ఉందేమో చూడు. ఈమధ్య ఆ టెంప్లేట్ అలాగే ఇస్తోంది. అంటే పైన బారే లేదు. నువ్వు మెనూ ఎంత సరిగా రాసినా, గోడ లేని చోట క్యాలెండర్ తగిలించమన్నట్టే అవుతుంది. ఆండ్రాయిడ్ దీన్ని తప్పుగా లెక్కపెట్టదు. కొన్ని యాప్‌లకి నిజంగానే బార్ అక్కర్లేదు కాబట్టి నోరెత్తదు.

దీనికి రెండు దారులున్నాయి. పేరెంట్ పేరులోంచి నో యాక్షన్ బార్ తీసేస్తే పాత బార్ వస్తుంది. లేదా థీమ్‌ని అలాగే ఉంచి, లేఅవుట్‌లో పైన మెటీరియల్ టూల్‌బార్ పెట్టి, కోడ్‌లో సెట్ సపోర్ట్ యాక్షన్ బార్ అని దాన్ని అప్పగించాలి. నేనైతే రెండోదే చెయ్యమంటాను. బార్ ఎక్కడుందో లేఅవుట్‌లో నీ కళ్లకి కనిపిస్తుంది, రంగూ ఎత్తూ నీ ఇష్టం. సెట్ కంటెంట్ వ్యూ తర్వాతే ఆ లైను రాయాలి. దానికి ముందు రాస్తే టూల్‌బార్ ఇంకా పుట్టి ఉండదు. రెండు దారులూ కలిపి మాత్రం చెయ్యకు. థీమ్‌లో బార్ ఉండగా ఇంకో బార్ అప్పగిస్తే యాప్ క్రాష్ అవుతుంది.

ఇక్కడే చాలామంది ఒకటి మర్చిపోతారు. థీమ్స్ ఫైళ్లు రెండుంటాయి, ఒకటి వ్యాల్యూస్‌లో, ఇంకొకటి వ్యాల్యూస్ నైట్‌లో. నీ ఫోన్ డార్క్ మోడ్‌లో ఉందని స్క్రీన్‌షాట్‌లోనే తెలుస్తోంది. నువ్వు మొదటిది మార్చి ఫోన్‌లో చూస్తే ఏమీ మారదు, 'ఇది కూడా పనిచెయ్యలేదు' అనుకుని సరైన మార్పునే తీసేస్తావు. థీమ్ మార్చే దారి పడితే రెండు ఫైళ్లూ మార్చు.

బార్ వచ్చి మెనూ మాత్రం రాకపోతే ఊహించుకుంటూ కూర్చోకు. ఆన్ క్రియేట్ ఆప్షన్స్ మెనూలో మొదటి లైనుగా ఒక లాగ్ (యాప్ నడిచేటప్పుడు సందేశం రాసే లైను) రాసి, ఆండ్రాయిడ్ స్టూడియోలో ఆ సందేశాలు కనిపించే లాగ్‌క్యాట్ చూడు. ఆ లైను రాకపోతే ఆ ఫంక్షన్‌ని అసలు ఎవరూ పిలవలేదన్నమాట. జావాలో అయితే పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఇలాగే అవుతుంది. పైన ఓవర్‌రైడ్ అని రాసుకుంటే కంపైలరే పట్టుకుంటుంది. మెనూని ఫ్రాగ్మెంట్‌లో (యాక్టివిటీ లోపల ఉండే స్క్రీన్ ముక్కలో) రాసి ఉంటే, సెట్ హ్యాజ్ ఆప్షన్స్ మెనూ అని చెప్పకపోతే పిలుపు రాదు. అది ఇప్పటికీ పనిచేస్తుంది గానీ పాతబడింది, కొత్తగా రాసేదానికి దాని బదులు వచ్చిన మెనూ ప్రొవైడర్ వాడు. లాగ్‌లో లైను వచ్చీ మెనూ రాకపోతే, మెనూ ఫైలుని చదివి ఐటెమ్స్ తయారుచేసే ఇన్‌ఫ్లేట్ లైను ఉందా, చివర ట్రూ రిటర్న్ చేస్తున్నావా చూడు. ఫాల్స్ ఇస్తే మెనూ చూపించొద్దని నువ్వే చెప్పినట్టు.

మూడు చుక్కలు రానంత మాత్రాన మెనూ లేదని కూడా కాదు. మెనూ ఫైలులో ఐటెమ్స్ అన్నిటికీ షో యాజ్ యాక్షన్‌లో 'ఆల్వేస్' అని ఉంటే అవి నేరుగా బార్ మీదకే వస్తాయి, చుక్కల వెనక దాచడానికి ఏమీ మిగలదు. ఆ షో యాజ్ యాక్షన్‌కి ముందు ఆండ్రాయిడ్ అని కాకుండా యాప్ అని ఉండాలి. లేకపోతే బార్ మీద ఉండాల్సిన ఐకాన్ చుక్కల లోపలికి పోతుంది. తెల్ల బార్ మీద తెల్ల చుక్కలు కూడా కనపడవు, అనుమానం ఉంటే ఆ మూల వేలితో నొక్కి చూడు.

ఇంకొకటి ఈమధ్యదే. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15 నుంచి, టార్గెట్ ఎస్‌డీకే (యాప్‌ని ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ కోసం చేశామో చెప్పే నంబరు) 35 పెట్టిన యాప్ స్క్రీన్ అంచుల దాకా పరుచుకుంటుంది. అంచుల దగ్గర చోటు వదలడానికి టెంప్లేట్‌లో ఇన్‌సెట్స్ అని కొన్ని లైన్లు ఉంటాయి. లేఅవుట్ మార్చేటప్పుడు 'మెయిన్' అనే ఐడీ పోతే అక్కడ ఎర్రగా చూపిస్తుంది, దాంతో అందరూ ఆ లైన్లే తీసేస్తారు. అప్పుడు టూల్‌బార్ గడియారం, బ్యాటరీ గుర్తుల కిందకి దూరిపోతుంది. ఆ లైన్లు తియ్యకు, ఐడీ తిరిగి పెట్టు.

ఒకసారికి ఒక్కటే మార్చి రన్ చెయ్. పనిచెయ్యకపోతే వెనక్కి తీసి తర్వాతది చూడు. మొదలుపెట్టే ముందు గిట్‌లో కమిట్ చేసుకో, అంటే ఇప్పుడున్న కోడ్‌ని ఉన్నట్టే దాచుకో, ఎంత గందరగోళమైనా మొదటికి రావచ్చు.

ఇవన్నీ చూశాక కూడా రాకపోతే యాక్టివిటీ ఫైలు, రెండు థీమ్ ఫైళ్లు, మెనూ ఫైలు టెక్స్ట్‌గా పంపు, ఫొటోలు తీయకు. లాగ్‌లో ఆ లైను వచ్చిందో లేదో కూడా రాయి. ఆదివారం ఖాళీ అయితే లాప్‌టాప్ పట్టుకుని ఇంటికే వచ్చెయ్. అమీర్‌పేటలో మెట్రో బ్లూ లైన్ ఎక్కితే రాయదుర్గం దాకా మారే పని లేదు, స్టేషన్‌కి నేనే వస్తాను. పిన్ని కూడా నిన్ను చూడాలంటోంది.

మీ బాబాయి