అండమాన్‌లో గుడిసెకి రాత్రికి 2,800, మరి 3,20,000 మెంబర్షిప్ దేనికి చెల్లెమ్మా?

ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఒక చెల్లెలు రాసిన ప్రశ్న, కాస్త కుదించి పెడుతున్నా:

"సార్, మా ఆయనకి బైకు స్పేర్ పార్ట్స్ షాపు, నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని. ఇద్దరిదీ కలిపి నెలకి 62,000 దాకా వస్తాది, ఇంటి ఖర్చు, ఫీజులు, చీటీ, సిప్ అన్నీ పోను 12,000 మిగులుతాది. ఎఫ్‌డీ 1,40,000 ఉంది. లక్ష రూపాయల చీటీ 20 నెలలది, 12 కట్టాం, ఇంకా పాడలేదు. ఈ పూజా సెలవులకి అండమాన్ వెళ్లి హేవ్‌లాక్ దీవిలో బీచ్ పక్కనే ఏదైనా సింపుల్ రిసార్టులో నాలుగు రాత్రులు ఉండాలని పిల్లల గోల. మేమిద్దరం, పిల్లలు 11, 7, అత్తగారు 66. పోయినవారం బరంపురంలో ఒక హోటల్‌కి పిలిచి భోజనం పెట్టి 3,20,000 కడితే 25 ఏళ్లు ఏడాదికి 6 రాత్రులు ఫ్రీ అన్నారు, 5,000 టోకెన్ కట్టి సంతకం పెట్టేశాం. చీటీ పాడేసి డౌన్‌పేమెంట్ కట్టేయమంటారా, లేకపోతే 1,50,000 పర్సనల్ లోన్ తీసుకుని ఈసారికి వెళ్లొచ్చేయమంటారా?"

చెల్లెమ్మా, ముందు ఒక మాట చెప్పేస్తా, ఆ భోజనం నేనూ తిన్నాను. 2014లో మా ఆవిడా నేనూ ఇలాగే ఒక హాల్లోకి వెళ్లాం, మూడు గంటలు కూర్చోబెట్టారు, ఏసీ, పనీర్ కర్రీ, గోడ మీద కొబ్బరిచెట్ల బొమ్మలు, "ఈ రేటు ఈ రాత్రికే సార్" అని ఒకడు, వాడి వెనకాల "మా మేనేజర్‌ని అడిగి మీకోసం ఇంకో 20,000 తగ్గిస్తా" అని ఇంకోడు. నలుగురికీ డబ్బు విషయాల్లో సలహాలు చెప్పేవాణ్ణి నేనే సంతకం పెట్టేశాను, ఇంకేం చెప్పమంటారు. ఆ తర్వాత దసరాకి అడిగితే రూముల్లేవు, సంక్రాంతికి అడిగితే లేవు, పిల్లలకి పరీక్షలున్నప్పుడు మాత్రం బోల్డు ఖాళీ. మెయింటెనెన్స్ ఫీజు మాత్రం వెళ్లినా వెళ్లకపోయినా టంచనుగా కట్టించుకున్నారు. కాబట్టి మీరేదో తెలివితక్కువ పని చేశారని అనుకోకండి, మీ ఆయన మీద కోప్పడకండి కూడా.

ఇప్పుడు లెక్క చూద్దాం, ఎందుకంటే ఆ హాల్లో లెక్క చూపించరు, ఫోటోలు చూపిస్తారు. మీరు పంపిన కాగితంలో చిన్న అక్షరాల్లో ఏడాదికి 14,000 మెయింటెనెన్స్ అని ఉంది చూడండి, అది ఏటేటా పెరగొచ్చని దాని కిందే ఉంది. అదే 3,20,000 ఆరున్నర శాతం ఎఫ్‌డీలో పడేస్తే ఏడాదికి 20,800 వడ్డీ వస్తాది, మెంబర్షిప్ కడితే ఆ వడ్డీ పోయినట్టే. 20,800కి ఈ 14,000 కలిపితే 34,800, ఆరు రాత్రులకి భాగిస్తే రాత్రికి 5,800. ఇదీ వాళ్ల ఫ్రీ రూము అద్దె. పైగా 25 ఏళ్ల తర్వాత ఎఫ్‌డీలో ఉంటే మీ 3,20,000 మీకుంటాది, మెంబర్షిప్‌లో సున్నా. డౌన్‌పేమెంట్ పోను మిగతాది ఈఎమ్ఐల్లో కడితే దాని వడ్డీ నేనింకా కలపలేదు.

మరి మీరు స్క్రీన్‌షాట్ పంపిన ఆ వెదురు గుడిసె రాత్రికి 2,800. రాత్రికి 7,500 లోపు రూముకి జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే, అంతకుముందు 12 ఉండేది. అంటే 2,940. అత్తగారికి వేరే గుడిసె తీసుకున్నా రెండిటికీ కలిపి 5,880. వాళ్ల "ఫ్రీ" రూము ఒకటి, మీ సొంత డబ్బుతో సముద్రం పక్కన రెండు గుడిసెలు, రేటు ఇంచుమించు ఒకటే! అందులోనూ హేవ్‌లాక్‌లో వాళ్లకి రిసార్టు ఉందో లేదో ఆ కాగితంలో నాకెక్కడా కనపడలేదు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి ఉంది. దీవికి వెళ్లేటప్పుడు అందరూ రూము రేటు చూసి "అబ్బ, చవగ్గానే ఉందే" అనుకుంటారు, కానీ దీవిలో డబ్బు తినేది రూము కాదండి, అక్కడికి చేరడం, తిరిగి రావడం. మీరిచ్చిన రేట్లతోనే వేశా. విమానం మనిషికి రానూపోనూ 17,400, ఏడేళ్ల పిల్లకి కూడా ఫుల్ టికెట్టే, రెండేళ్లు దాటితే తగ్గింపు ఏమీ ఉండదు, కాబట్టి ఐదుగురికి 87,000. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) నుంచి హేవ్‌లాక్ (ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్) ప్రైవేట్ ఫెర్రీ వైపుకి 1,400 చొప్పున ఐదుగురికి రానూపోనూ 14,000. హేవ్‌లాక్‌లో నాలుగు రాత్రులు రెండు గుడిసెలు 23,520. పోర్ట్ బ్లెయిర్‌లో వెళ్లేటప్పుడు ఒక రాత్రి, వచ్చేటప్పుడు ఒక రాత్రి, రెండేసి రూములు, మొత్తం 7,200. తిండి రోజుకి 3,000 చొప్పున ఆరు రోజులకి 18,000, ఆటోలు, బోటు, పిల్లలకి స్నార్కెలింగ్ కలిపి 12,000, మన ఊరి నుంచి వైజాగ్ వెళ్లి రావడానికి 3,000. టోటల్ 1,64,720. ఇందులో రూములన్నీ కలిపినా 30,720, అంటే ఐదో వంతు కూడా రాలేదు. ఆ ఐదో వంతు "ఫ్రీ" చేసుకోవడానికి మీరు 3,20,000 కడదామనుకున్నారు, మిగతా నాలుగు వంతులూ ప్రతి ఏడాదీ మీ జేబులోంచే పోవాలి!

లోన్ సంగతి త్వరగా చెప్పేస్తా. 1,50,000 రెండేళ్లకి 14 శాతం అయితే నెలకి 7,200 కిస్తీ, వడ్డీయే 22,800 పైన, ప్రాసెసింగ్ ఫీజు వేరే. హేవ్‌లాక్‌లో మీ నాలుగు రాత్రుల గుడిసెల బిల్లు 23,520 కదా, బ్యాంకుకి ఇంచుమించు అంతా ఇచ్చేసినట్టే. వద్దు.

చీటీ ఇప్పుడు పాడితే 78,000 చేతికొస్తుందన్నారు. ఆగి ఆఖర్న తీసుకుంటే నిర్వాహకుడి 5 శాతం కమిషన్ పోను 95,000. మధ్యలో 17,000 తేడా, అంటే రెండు గుడిసెల్లో మూడు రాత్రులు. అవసరం నెత్తిమీద కూర్చున్నప్పుడు చీటీ పాడాలి గానీ సరదాకి పాడకూడదు, మా నాయన ఎప్పుడూ అనేవారు. అన్నట్టు మీ చీటీ రిజిస్టర్డా కాదా రాయలేదు. వీధిలో తెలిసినావిడ దగ్గర వేసినదైతే ఆఖరిదాకా ఆగడంలో రిస్కు ఉంది, ఆవిడ ఇప్పటిదాకా ఎన్ని చీటీలు గొడవ లేకుండా ముగించిందో మీకే తెలుస్తాది, నమ్మకం లేకపోతే 17,000 పోయినా పాడేసుకుని ఎఫ్‌డీలో పెట్టండి.

నమ్మకం ఉంటే ఇలా చేయండి. ఈ మే నుంచే బ్యాంకులో నెలకి 8,000 చొప్పున తొమ్మిది నెలల ఆర్‌డీ మొదలెట్టండి. పోస్టాఫీసు ఆర్‌డీ ఐదేళ్లది, దీనికి పనికిరాదు. మిగిలే 12,000లో 8,000 పోయినా 4,000 చేతిలో ఉంటాది కదా. ఫిబ్రవరికి 72,000 అసలు, రెండు వేలకి కాస్త తక్కువ వడ్డీ. చీటీ జనవరికి అయిపోతాది, 95,000. రెండూ కలిపితే దగ్గర దగ్గర 1,69,000, మన లెక్క 1,64,720. చీటీ డబ్బు చేతికొచ్చిన వారంలోనే విమానం టికెట్లు, ఆర్‌డీ డబ్బుతో మిగతావన్నీ. ఆ 1,40,000 ఎఫ్‌డీ జోలికి మాత్రం అస్సలు వెళ్లకండి, అది మీ ఇంటికి మూడు నాలుగు నెలల ఖర్చు, షాపు మూతపడినా, అత్తగారికి ఏదైనా అయినా అదే దిక్కు.

"అంటే పూజా సెలవులకి కాదా" అని పిల్లలు మొహం ముడుచుకుంటారు, తెలుసు. డబ్బు ఉన్నా సరే నేను అక్టోబర్ వద్దనే అంటాను. మన గజపతి జిల్లా వాళ్లకి అక్టోబర్ సంగతి వేరే చెప్పాలా? 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2014లో సరిగ్గా అదే తేదీకి హుద్‌హుద్ వైజాగ్‌ని ఊడ్చేసింది, 2018 అక్టోబర్ 11న తిత్లీ మన కొండల్ని మనుషుల్ని ఏం చేసిందో మీరు కళ్లారా చూసుంటారు. హుద్‌హుద్ అయితే వైజాగ్ రాకముందు అండమాన్ మీదుగానే వచ్చింది. తుఫాను మన ఊరు రాకపోయినా బంగాళాఖాతంలో ఎక్కడో వాయుగుండం పడితే చాలు ఫెర్రీలు ఆపేస్తారు, మీరు హేవ్‌లాక్‌లో ఇరుక్కుంటారు, పోర్ట్ బ్లెయిర్‌లో మీ విమానం మీకోసం ఆగదు, ఐదు టికెట్లు మళ్లీ కొనాలి. ఫిబ్రవరిలో సముద్రం నెమ్మదిగా ఉంటాది, డిసెంబర్ ఆఖర్లో లాగా రేట్లు నెత్తికెక్కవు. పిల్లలకి ఐదారు రోజులు స్కూలు పోతుంది, పోనీండి, మీరే టీచరు కదా మేనేజ్ చేస్తారు.

ఇందాక వచ్చేటప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి వేశానే, డబ్బు తగ్గించాలంటే అందరూ ముందు కొట్టేసేది దాన్నే. కొట్టేయకండి! 3,600 ఆదా చేద్దామని పొద్దున ఫెర్రీ, మధ్యాహ్నం విమానం పెట్టుకుంటే ఫెర్రీ ఒక్కటి క్యాన్సిల్ అయితే 40,000 పోయే ఏర్పాటు అది. తగ్గించాలంటే వేరేచోట తగ్గించండి. గవర్నమెంట్ ఫెర్రీ చాలా చవక, గంటన్నర బదులు రెండున్నర గంటలు పట్టుద్ది అంతే, కాకపోతే టికెట్లు దొరకడం కష్టం, వెళ్లేటప్పుడు దొరికితే తీసుకోండి.

గుడిసె విషయంలో కూడా ఒక మోసం ఉంది, మోసం అంటే వాళ్లు చేసేది కాదు, మనకి తెలియక మనం చేసుకునేది. హేవ్‌లాక్‌లో చవక రిసార్టులు ఎక్కువ తూర్పు వైపు గోవింద్‌నగర్, విజయ్‌నగర్ బీచ్‌ల్లో ఉంటాయి, అక్కడివాళ్లు మూడో నంబరు, ఐదో నంబరు అంటారు. అక్కడ పాటు వచ్చిందంటే నీళ్లు ఎక్కడికో వెనక్కి వెళ్లిపోతాయి, రాళ్లూ చచ్చిన పగడాలూ తేలతాయి, ఈదడానికి ఉండదు. మరి సముద్రానికి ఎదురుగా మొదటి వరస గుడిసె అని వెయ్యి పదిహేనొందలు ఎక్కువ కట్టడం ఎందుకు, రెండో వరసలో తీసుకుంటే యాభై అడుగులు నడవాలి అంతే. పిల్లలు నిజంగా నీళ్లలో ఆడాల్సింది పడమర వైపు రాధానగర్‌లో, ఏడో నంబరు, 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని రాసింది దాన్నే. అక్కడికి ఆటోలో వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. అయితే సాయంత్రం అంటే మన సాయంత్రం కాదు, గడియారం మనదే గానీ బాగా తూర్పున ఉండడం వల్ల ఆరింటికల్లా చీకటి పడిపోద్ది, మధ్యాహ్నం భోజనమయ్యాక కునుకు తీసి వెళ్దామనుకుంటే అంతే సంగతులు. మొసళ్ల బోర్డు ఉన్నచోట మాత్రం నీళ్లలోకి దిగనివ్వకండి, అది ఊరికే పెట్టలేదు.

బుక్ చేసే ముందు రిసార్టుకి ఫోన్ చేసి మాట్లాడండి, గుడిసెకి మెట్లెన్ని, బాత్రూం లోపలేనా, వెస్ట్రన్ కమోడేనా, కరెంటు పోతే జనరేటర్ ఫ్యాన్‌కి కూడా ఇస్తారా. అత్తగారి మోకాళ్ల సంగతి మీరు రాయలేదు గానీ 66 అన్నారు కాబట్టి అడుగుతున్నా, ఎత్తు స్తంభాల మీద కట్టిన గుడిసెలు ఫోటోలో బాగుంటాయి, రాత్రిపూట లేచి దిగాలంటే పెద్దవాళ్లకి నరకం. ఫెర్రీ క్యాన్సిల్ అయి మేం చేరలేకపోతే అడ్వాన్స్ వెనక్కిస్తారా, లేదా తేదీ మారుస్తారా అనేది వాట్సాప్‌లో రాయించుకోండి. పదిహేను వేలు నోట్లుగా పట్టుకెళ్లండి, 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక నెట్ బాగుపడిందిలే గానీ కొబ్బరిబొండాల వాడి దగ్గర ఫోన్‌పే తిరుగుతూ ఉంటే పిల్లల ముందు ఇబ్బంది. తిండికి రిసార్టులో కంటే గోవింద్‌నగర్ బజార్లో చవక, అక్కడ ఎక్కువ మంది బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్లు, చేపల పులుసూ అన్నం దొరుకుద్ది. పోర్ట్ బ్లెయిర్‌లో అయితే భాషకి బెంగే లేదు, జంగ్లీఘాట్ వైపు వెళ్తే మన సిక్కోలు యాసే వినిపిస్తాది, మీ సోంపేట, మందస వైపు చుట్టాల్లో ఎవరో ఒకరి బంధువులు అక్కడ ఉండే ఉంటారు, అడిగి చూడండి, ఆ రెండు రాత్రుల 7,200 మిగిలినా మిగలొచ్చు. పిల్లలు ఏరిన గవ్వలూ పగడాలూ మాత్రం బ్యాగులో పెట్టుకోవద్దు, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు, కేసు కూడా అవ్వొచ్చు.

ఈలోపు పిల్లల్ని ఊరుకోబెట్టాలంటే పూజా సెలవుల్లో ఒక రాత్రి గోపాల్‌పూర్ తీసుకురండి. అలలు జోరు, లోపలికి దిగనివ్వకండి, ఒడ్డున కూర్చోబెట్టి వేయించిన చేప పెట్టించండి. అత్తగారు ఇసకలో ఎంతదూరం నడవగలరో కూడా తెలిసిపోద్ది.

ఇక ఆ 5,000 టోకెన్. మీరు సంతకం పెట్టిన కాగితం నాలుగో పేజీలో పది రోజుల్లోపు రాతపూర్వకంగా చెబితే రద్దు చేసి డబ్బు వెనక్కిస్తామని ఉంది, మీరు చదివి ఉండరు, నేనూ అప్పట్లో చదవలేదు. మీరు వెళ్లింది పోయిన ఆదివారం, ఇవాళ శనివారం. ఫోన్‌లో చెప్పకండి, ఫోన్ చేస్తే మళ్లీ ఇంకో డిస్కౌంట్ చెప్పి రెండు వారాలు గడిపేస్తారు. "ఫలానా తేదీ ఒప్పందం రద్దు చేసుకుంటున్నాం, టోకెన్ వాపసు చేయండి" అని రెండు లైన్లు మెయిల్ పెట్టండి, అదే కాగితం మీద రాసి సంతకం చేసి స్పీడ్ పోస్టు కూడా చేయండి, రసీదు దాచుకోండి. ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ రాయించండి. ఈఎమ్ఐ కోసం బ్యాంకు ఆటో డెబిట్ ఫారం మీద కూడా సంతకం పెట్టించుకున్నారేమో మీ ఆయన్ని అడగండి, పెట్టి ఉంటే సోమవారం బ్యాంకు తెరవగానే అది ఆపించండి. మెయిల్ మాత్రం ఇవాళే.